సమదూర బిందువు

గుండ్లవాగు ప్రాంతీయ కార్యాలయం మీద కుంభధార మోటారు పంపుల కంపెనీవారి చూపు పడడానికి కారణం, ఆ కార్యాలయాన్ని ఒక రైతు మెచ్చుకోవడం.

ఆ రైతు పేరు ఓబయ్య. ఊరు రాళ్లకుంటపల్లె. బాగుచేసిన మోటారు తీసుకుపోతూ, కంపెనీవాళ్ల అభిప్రాయ పత్రం మీద ఇలా రాశాడు: "మా ఊరు అరవై రెండు కిలోమీటర్లు. దోవలో నాలుగు షాపులుండాయి. అయినా ఈడికే వస్తా. మీరావలి చుట్టిన మోటారు మూడేళ్లు మళ్లీ చూడబళ్లా."

ఆ కాగితం హెడ్డాఫీసుకు చేరింది. అక్కడ కాగితాలు చూసేవాళ్లకు మాటలు కనబడవు, అంకెలు కనబడతాయి. అరవై రెండు కింద ఎర్ర గీత పడింది. ఒకడు అరవై రెండు కిలోమీటర్లు రావడమేమిటి, బస్టాండు పక్క వీధివాడు రెండొందల గజాలు నడిచి రావడమేమిటి, ఒకే కంపెనీ మోటారు కొన్న ఇద్దరి మధ్య ఇంత అన్యాయమా అని పై అంతస్తులో ఎవరికో కడుపు తరుక్కుపోయింది. నెల తిరక్కుండా 'సమదూర విధానము' అనే పుస్తకం అచ్చయింది. నూట నలభై పేజీలు. అట్ట మీద త్రాసు బొమ్మ కూడా వేశారు.

గుండ్లవాగు ప్రాంతీయ మేనేజరు చెంచురామయ్య ఆ పుస్తకాన్ని మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలా చూశాడు. అన్నిటినీ బీరువా పై అరలో పెట్టి తన పని తాను చేసుకుపోవడం అలవాటు. ఆయన ఆఫీసంటే బస్టాండు ఎదురుగా కింద ఒక షెడ్డు, పైన రెండు గదులు. ఆయన కాక ఇద్దరే మనుషులు. గుమాస్తా ఎస్తేరు రాణి, కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే మీరావలి.

రైతు బస్సు మీద నుంచి కాలిన మోటారు దింపుకుని రోడ్డు దాటితే చాలు, షెడ్డు. మీరావలి దాని మూత విప్పకముందే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. వోల్టేజి చాలక కాలిందో, బోరులో నీళ్లు లేక పొడిగా తిరిగి కాలిందో ఆ వాసనను బట్టి చెప్పేవాడు. ఎండాకాలంలో ఇవాళ వచ్చిన మోటారు రేపు సాయంత్రం బస్సుకు ఎక్కి తీరాలి. ఆ నియమం కంపెనీది కాదు, చెంచురామయ్యది. మే నెలలో బోరు ఆరు రోజులు ఆగితే బత్తాయి తోటలో పిందె నిలవదు. ఆయన పదో తరగతి చదివే ఏడు నాన్న తోట అలాగే పోయింది. ఆ చెట్లను నరికించిన రోజు నాన్న ముఖం ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. మిగతావాళ్ల తోటలు పోకుండా చూడడమే తన ఉద్యోగం అని ఆయన నమ్మకం. కంపెనీ మాత్రం అలా ఎక్కడా రాయలేదు.

పుస్తకం వచ్చిన మూడో వారంలో జీపులో వామనమూర్తి గారు దిగారు. ఆయన సమదూర విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజరు.

"చెంచురామయ్య గారూ, సంస్థ తన మనస్సాక్షిని దేశపటముపై సవరించుకొనుచున్నది. దీనిని మీరు ఆఫీసు మార్పుగా భావించరాదు. న్యాయము దిశగా మనము వేయుచున్న అడుగుగా భావించవలెను" అన్నారు.

"అడుగంటే ఎంత దూరం సార్?"

"పదకొండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు."

మీ ప్రాంతంలోని నాలుగు వందల పన్నెండు మంది వినియోగదారుల ఊళ్లనూ కంప్యూటరుకు అప్పగించామనీ, అందరికీ నడిమధ్యన ఉన్న ఒక్క చోటును అది చూపించిందనీ, దాని పేరు సమదూర బిందువనీ ఆయన వివరించారు. ఆఫీసు ఆ బిందువుకు పది మీటర్లలోపే ఉండాలి.

"మేం ఇక్కడే ఉంటామంటే సార్?"

"తొంబది రెండవ పుట చూడుడు. ముప్పది దినములలో బిందువును చేరని కార్యాలయము లేనట్లే భావింపబడును."

లేనట్లే భావించడం అంటే మూసెయ్యడం అని చెంచురామయ్యకు ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. జీపెక్కాడు.

జీపు ముప్పావు దూరమే పోయింది. మిగతా మూడు కిలోమీటర్లు గట్ల మీద నడిచారు. బిందువు ఆదెమ్మ అనే ఆవిడ కందిచేలో ఉంది. వామనమూర్తి గారు చేతిలోని యంత్రం చూసుకుంటూ సాళ్ల మధ్య ముందుకూ వెనక్కూ జరిగి, ఒకచోట ఇనప మేకు దిగ్గొట్టించారు.

ఆదెమ్మ కొడవలి పట్టుకుని వచ్చింది. "ఎవురయ్యా మీరు? కరెంటోళ్లా, రోడ్డోళ్లా? నా చేలో మేకు కొడతన్నారేంది?"

"అమ్మా, మీ క్షేత్రము నాలుగు వందల పన్నెండు మంది వినియోగదారులకు సమదూర బిందువు. అభినందనలు."

"పోయిన వారం అడివిపందులొచ్చి తొక్కినయ్యి. ఇప్పుడు మీరొచ్చారా?" అంది ఆదెమ్మ. చెంచురామయ్య ఆవిణ్ని పక్కకు పిలిచి ఉన్న సంగతి చెప్పాడు. ఆవిడ ఆయన ముఖం చూసి కాస్త మెత్తబడింది. "పెట్టుకుంటే పెట్టుకోండి గానీ నన్ను నీళ్లు మాత్రం అడగమాకండి. తాగే నీళ్లకే రెండు మైళ్లు పోతండాం."

"సార్, ఇక్కడ కరెంటు లేదు, నీళ్లు లేవు, దారి లేదు" అన్నాడు చెంచురామయ్య.

"ఎవరికీ లేవు కదా! ఒకరికి ఉండి ఇంకొకరికి లేకున్న అది అన్యాయము" అన్నారు వామనమూర్తి గారు.

నెలాఖరుకు ఆఫీసు కందిచేలోకి వచ్చింది. నాలుగు రేకులు, ఒక టార్పాలిన్, ఒక డీజిలు ఇంజను. రైతులు ఎప్పటిలాగే బస్టాండులో దిగేవారు. షెడ్డుకు తాళం చూసి, గోడ మీద ఎస్తేరు అంటించిన కాగితం చదువుకుని, ఆటో మాట్లాడుకునేవారు. ఆటో ఆగిన చోటినుంచి మోటారును కర్రకు కట్టి ఇద్దరు మోసుకొచ్చేవారు. ఒంటరిగా వచ్చినవాడు రెండోవాడి కోసం రోడ్డు మీద కూర్చునేవాడు. పూర్వం రెండొందల గజాలు నడిచే పక్క వీధి మనిషి కూడా ఆ ఆటోలోనే వచ్చి, చెంచురామయ్యను నోటికొచ్చినట్టు తిట్టి పోయేవాడు. చెంచురామయ్య తల వంచుకుని పడేవాడు. తిట్టిన మాటలన్నీ నిజమే మరి.

హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. "పూర్వము కొందరు మాత్రమే దూరాభారముతో బాధపడుచుండిరి. నేడు అందరును బాధపడుచున్నారు. ఇంతటి సమానత్వమును ఇంత స్వల్పకాలములో సాధించిన మీ బృందమునకు సంస్థ అభినందనలు తెలుపుచున్నది."

అదే కవరులో రెండో కాగితం ఉంది. బాగుచేతకు వచ్చిన ప్రతి మోటారునూ ఊరుతో సహా మళ్లీ లెక్కలోకి తీసుకుంటారట. అలా చేస్తే బిందువు కదులుతుందట. ఆ నెల పడమటి ఊళ్లలో ఎక్కువ మోటార్లు కాలాయి. బిందువు మూడు వందల నలభై మీటర్లు పడమరకు జరిగి తుమ్మకంపలో పడింది.

రేకులూ టార్పాలినూ తుమ్మకంపలోకి వెళ్లాయి. కంప కొట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వచ్చిన మోటార్లు ఎండలో వరసగా పడున్నాయి. పై నెల బిందువు ఇంకాస్త జరిగి ఒక రాతిగుట్ట మీదికి ఎక్కింది. మీరావలి రాగి తీగ చుట్టలు భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతూ, "సార్, పదేళ్ల కింద మక్కా పోదామనుకున్నా, కుదరలేదు. ఇంత నడక ఆడ కూడా ఉండదేమో" అన్నాడు.

గుట్టకు అవతల పాత రాతి క్వారీ ఉంది. నలభై అడుగుల గొయ్యి. బిందువు ఇలాగే జరుగుతూ పోతే అందులో పడుతుంది. నూటొకటో పుట ప్రకారం, నిలబడడానికి వీల్లేని చోట బిందువు పడితే తప్పు ఆ ప్రాంతానిదే కనుక, కార్యాలయాన్ని ఎత్తివేయాలి.

అప్పుడు ఎస్తేరు రాణికి ఒక ఉపాయం తట్టింది. పెన్సిలు మీద స్కేలు నిలబెట్టి, అటొక రబ్బరూ ఇటొక రబ్బరూ పెట్టి చూపించింది. "సార్, పడమర ఇరవై కిలోమీటర్ల మోటారొకటి తీసుకుంటే, తూర్పు ఇరవై కిలోమీటర్ల మోటారు ఇంకోటి తీసుకుందాం. జతలు కడితే బిందువు కదలదు. ఆఫీసు నిలబడద్ది."

నిజమే, నిలబడింది. కానీ జత దొరకందే ఏ మోటారునూ ముట్టుకోవడం లేదు. గుడారం ముందు పలక వేలాడదీశారు. 'పడమర ఇరవై: ఇద్దరు ఉన్నారు. తూర్పు ఇరవై: కావలెను.' బస్టాండులో దిగిన రైతులు ఒకర్నొకరు పిల్ల సంబంధాలు వెతికేవాళ్లలా అడగడం మొదలుపెట్టారు. "మీదే దిక్కన్నా? ఎన్ని కిలోమీటర్లు? అట్టాగైతే మా బావమరిదికి సరిపోతావు, కాసేపు కూర్చో." తూర్పున చుట్టాలున్నవాడు అదృష్టవంతుడు. కొందరు తూర్పు రైతులు బ్రహ్మాండంగా తిరిగే మోటార్లనే ఊడదీసి, పడమటి స్నేహితుల మాట కాదనలేక మోసుకొచ్చారు. మీరావలి వాటిని కూడా వాసన చూసి, "దీనికేం రోగం లేదయ్యా" అని, జత లెక్కలో రాసుకుని వెనక్కి పంపేవాడు.

హెడ్డాఫీసు మళ్లీ మెచ్చుకుంది. బిందువు కదలకపోవడం వినియోగదారుల పరిపక్వతకు నిదర్శనమట.

మే రెండో వారంలో తిరపతయ్య వచ్చాడు. పడమర నలభై నాలుగు కిలోమీటర్లు. మూడెకరాల బత్తాయి, తొమ్మిదేళ్ల చెట్లు. ఎస్తేరు జాబితా చూసి తలెత్తలేదు. తూర్పున నలభై దాటితే ప్రాంతమే అయిపోతుంది. అక్కడినుంచి ఇంకో మేనేజరు రాజ్యం. తిరపతయ్యకు జత ఈ జన్మలో రాదు.

ఆ సంగతి అతనికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అతను మోటారు పక్కనే తువ్వాలు పరుచుకుని మూడు రోజులు కూర్చున్నాడు. ఎవరు గుట్టెక్కి వచ్చినా లేచి నిలబడి, "మీది తూర్పేనా సామీ?" అని అడిగేవాడు. మూడోనాడు మధ్యాహ్నం చెంచురామయ్య దగ్గరకొచ్చాడు.

"సారూ, ఇంటిది ఫోన్ చేసింది. పిందె రాలతా ఉందంట. చెట్ల కింద పచ్చంగా పరుచుకోనుందంట. నేను మిమ్మల్ని ఏమీ అనను. కాపోతే ఒక మాట చెప్పండి. జతగాడొచ్చేది నిజమేనా?"

రాలిన పిందెల మీద నడిస్తే కాలి కింద ఎలా చిటుక్కుమంటాయో చెంచురామయ్యకు తెలుసు. మోటారు తీసుకుంటే బిందువు క్వారీలోకి దొర్లుతుంది. ఆఫీసు పోతుంది. తీసుకోకపోతే ఆఫీసు ఉంటుంది. ఎందుకుంటుందో మాత్రం ఆయనకు అంతు చిక్కలేదు. కాలిన మోటారును బాగుచెయ్యకుండా ఉండడానికా ఈ రేకులు ఇంత దూరం మోసింది?

"మీరావలీ, విప్పు" అన్నాడు.

మీరావలి ఆ మాట కోసమే కాచుకున్నవాడిలా మోటారును ఒళ్లోకి లాక్కున్నాడు. "పొడిగా తిరిగి కాలింది సార్. ఒక్క పూట పని."

"సార్, మరి బిందువు?" అంది ఎస్తేరు.

"పోతే పోనీమ్మా" అన్నాడు చెంచురామయ్య. ఆర్నెల్ల తర్వాత ఆయనకు ఆ పూట అన్నం సయించింది.

బిందువు నూట ఏడు మీటర్లు జరిగింది. ఒకటో తారీఖుకల్లా వామనమూర్తి గారు ఇద్దరు ఇంజనీర్లతో క్వారీ అంచుమీద నిలబడి కిందికి చూస్తున్నారు.

"బిందువు గాలిలో ఉన్నది" అన్నారు గంభీరంగా.

ఒక ఇంజనీరు, గొయ్యికి అడ్డంగా ఇనప దూలం వేసి ఆఫీసును గొలుసులతో వేలాడదీయవచ్చన్నాడు. దాని మీద గంటన్నర చర్చ జరిగింది. గాలికి కార్యాలయం తూర్పుకు ఊగినప్పుడల్లా పడమటి వినియోగదారులకు అన్యాయం జరుగుతుందని చివరికి ఆ ఆలోచన మానుకున్నారు. గొలుసు తెగితే ఏమిటని చెంచురామయ్య అడగబోయి, ఎవరికీ ఆ దిగులు ఉన్నట్టు కనబడక ఊరుకున్నాడు.

ఉన్నట్టుండి వామనమూర్తి గారి ముఖం వెలిగింది. "చెంచురామయ్య గారూ! ఇక్కడ ఒకరికి రెండు కిలోమీటర్లు, వేరొకరికి ఏబది. ఎంత తారతమ్యము! మన ప్రధాన కార్యాలయము ఈ ప్రాంతమునకు ఎంత దూరము?"

"మూడొందల కిలోమీటర్లుంటుంది సార్. ఒకరికి రెండొందల డెబ్బై, ఒకరికి మూడొందల ముప్పై."

"ఆ మాత్రపు తేడా నగరములో రెండు వీధుల తేడా వంటిది. అనగా దూరము పెరిగినకొలది అసమానత తగ్గుచున్నది. ఇంతకాలము మనము న్యాయమును తప్పు దిక్కున వెదకితిమి! వినియోగదారులకు దగ్గరగా ఉండుటయే సమస్యకు మూలము."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గుండ్లవాగు కార్యాలయాన్ని మూసివేయడం లేదు, దాన్ని సంపూర్ణ సమదూరానికి చేరుస్తున్నారు. ఆ ఉత్తర్వుతో పాటు, విధానాన్ని ఉత్తమంగా అమలుపరచినందుకు ఒక ఇత్తడి షీల్డు కూడా వచ్చింది. మోటార్లు చుట్టే పోస్టు రద్దయింది. ఎస్తేరును ఇంకో జిల్లాకు వేశారు. మీరావలి తీగ చుట్టే తన రాట్నమూ రాగి తీగలూ ఆటోలో వేసుకుని ఇంటికి పోయాడు. పోయేముందు చెంచురామయ్య చేతులు పట్టుకున్నాడు.

చెంచురామయ్య హెడ్డాఫీసులో సమాధాన కేంద్రం అనే గదిలో తేలాడు. చెవులకు తగిలించుకునే ఫోనొకటి, ముందు అచ్చు కాగితమొకటి. ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో అందులో ఉంటుంది. కాలిన మోటారును లారీలో పంపితే ఇరవై ఒక్క రోజుల్లో తిరిగి వస్తుందని మొదటి జవాబు. చాలా దూరం కదా అంటే రెండో జవాబు. రోజంతా ఆ రెండే సరిపోయేవి. సాయంత్రానికి ఆయనకు తన గొంతు మీద తనకే అసహ్యం వేసేది.

మరుసటి ఎండాకాలం మొదట్లో లక్ష్మీనరసు అనే రైతు ఫోన్ చేశాడు. గుండ్లవాగుకు ఉత్తరాన పద్దెనిమిది కిలోమీటర్లు.

"మోటారు కాలిందయ్యా. పైరు పొట్ట మీదుంది. ఇరవై ఒక్క రోజులంటే నేనెట్టా బతకాల? అంత దూరం పెట్టుకున్నారేందయ్యా ఆపీసు?"

చెంచురామయ్య కాగితం చూసి చదివాడు. "మీకు మేము ఎంత దూరములో ఉన్నామో, తక్కిన వినియోగదారులందరికీ దాదాపు అంతే దూరములో ఉన్నామండీ."

"అంటే మా పక్క చేనోడికి కూడా ఇంతే దూరమా?"

"అంతేనండీ."

"మరి ఆడి మోటారు కాల్లేదు కదయ్యా!"

చెంచురామయ్య కాగితం తిరగేశాడు. పధ్నాలుగు ప్రశ్నలున్నాయి. ఇది లేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

"లేదన్నా. కాలింది నీదే. పెన్సిలు తీసుకో. గుండ్లవాగులో మీరావలి ఇంటి నెంబరు చెప్తా. ఇప్పుడు బస్సెక్కితే రేపు సాయంత్రానికి తిరుగు బస్సులో ఉంటావు."

ఆ గదిలో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. మూడో రోజున బల్ల మీద మెమో ఉంది. కింద వామనమూర్తి గారి సంతకం. "తమరు ఒక వినియోగదారునికి తెలిపిన సమాచారమును తక్కిన నాలుగు వందల పదకొండు మందికి తెలుపకుండుట సమదూర విధానమునకు ఘోర ఉల్లంఘన. ఈ అసమానతను ఏడు దినములలో సంపూర్ణముగా తొలగించి నివేదించవలెను."

చెంచురామయ్య రెండుసార్లు చదివాడు. మూడోసారి కాస్త పైకే చదువుకున్నాడు. కంపెనీ నుంచి వచ్చిన కాగితం ఒకటి చొక్కా జేబులో దాచుకోవాలనిపించడం ఆయనకు సర్వీసులో అదే మొదలు. దాన్ని మడిచి పెట్టుకుని, గుండ్లవాగు వినియోగదారుల జాబితా ముందుకు లాక్కుని, మొదటి పేరు మీద వేలు పెట్టి నెంబరు నొక్కాడు.